గంటకు 1.8 కిలోమీటర్లు: వాకింగ్ ప్యాడ్‌తో రెండేళ్ల మూడు నెలలు

నా వాకింగ్ ప్యాడ్ (బల్ల దగ్గర పని చేసుకుంటూ నడవడానికి వాడే చిన్న ట్రెడ్‌మిల్లు) మీద నేను నడిచే వేగం గంటకు 1.8 కిలోమీటర్లు. రెండేళ్ల మూడు నెలలుగా దాదాపు ఎప్పుడూ ఆ వేగమే. ఆ యంత్రం మీద నాకున్న ఇష్టమంతా ఆ నెమ్మదితనం వల్ల కలిగినదే. అది ఒకరోజు పని మధ్యలో ఆగిపోయిందంటే అందుకు కారణం కూడా ఆ నెమ్మదితనమే. పొడవెంత, మంచం కిందికి పడుతుందా, రిమోట్ ఎలా ఉంటుంది అన్న వివరాలు అమ్మేవారే చెబుతారు కనుక వాటి జోలికి వెళ్లడం లేదు.

విజయవాడ సత్యనారాయణపురంలో మొదటి అంతస్తు వాటాలో ఉంటూ, ఒక ఆడిటరుగారి కార్యాలయానికి ఇంటి నుంచే జీఎస్టీ లెక్కలు చూస్తాను. ప్రతి నెలా 11వ తేదీలోపు అమ్మకాల వివరాలుండే జీఎస్టీఆర్-1 దాఖలు చేయాలి, 14న కొనుగోలు బిల్లుల పట్టిక అయిన 2బీ వస్తుంది, 20లోపు పన్ను లెక్క చూపే 3బీ వేయాలి. 2బీలో కనిపించే కొనుగోలు బిల్లులను వ్యాపారుల పుస్తకాలతో ఒక్కొక్కటిగా సరిచూడటం కంటికి, ఓపికకు సంబంధించిన పని. చేతులకు అందులో పెద్దగా పని ఉండదు. సరిగ్గా ఆ పనికి 1.8 వేగం అతికినట్టు సరిపోయింది. 2.5కు పెంచితే తల కదిలి వరుస తప్పుతుంది. 1.2కు తగ్గిస్తే ప్రతి అడుగునూ ఆలోచించి వేయవలసి వచ్చి మనసు లెక్క మీద నిలవదు. 1.8లో మాత్రం కాళ్లు నడుస్తున్న సంగతే మరచిపోతాను. మధ్యాహ్నం మూడు గంటలకు నన్ను ఏళ్లుగా పీడించిన నిద్రమత్తు మొదటి పదిహేను రోజుల్లోనే వదిలిపోయింది. అయితే 3బీలో అంకెలు ఎక్కించేటప్పుడు తప్పనిసరిగా దిగి కూర్చుంటాను. ఒకసారి నడుస్తూనే ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య వ్యాపారానికి పడే పన్ను) మొత్తాన్ని సీజీఎస్టీ (రాష్ట్రం లోపలి వ్యాపారంపై కేంద్రం వాటా పన్ను) గడిలో వేసి, దాఖలు చేయడానికి ముందు క్షణంలో గమనించాను. ఒకసారి దాఖలు చేశాక 3బీని సవరించే వీలుండదు కనుక ఆ రోజు నుంచి ఈ నియమం పెట్టుకున్నాను.

వేసవిలో మా ఊళ్లో బయట నడవాలంటే తెల్లవారుజామున ఆరింటికి ముందే బీఆర్‌టీఎస్ రోడ్డు ఎక్కాలి. ఆ వేళకు వంట, పిల్లల హడావిడి ఉన్నవారికి అది సాధ్యం కాదు. ఫ్యాను కింద, ఎండ తగలకుండా రోజుకు గంటన్నర నడవగలగడం నా వరకు చిన్న విషయం కాదు.

ఇక అసలు సంగతి. కిందటి మే నెలలో నడుస్తుండగా కాలు మోపినప్పుడల్లా బెల్టు లిప్తపాటు పట్టేసినట్టు ఆగి, కాలు ఎత్తగానే ముందుకు జారడం మొదలైంది. ఎండాకాలం సాయంత్రాలలో మా వీధిలో వోల్టేజి తగ్గడం మామూలే కనుక దాని ప్రభావమే అనుకున్నాను. అలా రెండు వారాలు గడిపాను. మే 18న, 2బీ సరిచూస్తూ ఉండగా, కాలిన రబ్బరు వాసన వచ్చి, తెర మీద లోపాన్ని తెలిపే ఏదో సంకేతం వెలిగి, బెల్టు ఒక్క కుదుపుతో ఆగిపోయింది. బల్ల అంచు చేతికి అందింది కాబట్టి నిలదొక్కుకున్నాను. కంపెనీవారికి ఫోను చేస్తే, సంకేతం విని, యంత్రాన్ని చూడకుండానే, లోపలి బోర్డు మార్చాలని, 6,500 రూపాయలవుతుందని, వారంటీ సంవత్సరమే కనుక అది మీరే పెట్టుకోవాలని చెప్పారు. రెండు రోజుల్లో 3బీ గడువు ఉండగా ఆ మాట విని నాకు నిజంగా దుఃఖం వచ్చింది.

తెలిసినవారి ద్వారా, పటమట వైపు జిమ్‌లలో ట్రెడ్‌మిల్లులు బాగుచేసే ఒక మెకానిక్ వచ్చారు. ఆయన మూత విప్పలేదు. ప్లగ్గు తీయించి, బెల్టు అంచు పైకెత్తి, చెయ్యి లోపలికి పోనిచ్చి, వేళ్లు బయటికి తీసి నాకు చూపించారు. వాటికి తడి లేదు, సన్నని నల్లటి పొడి మాత్రం ఉంది.

“బోర్డు పోలేదమ్మా. బెల్టు ఎండిపోయిందండి. నూనె ఎప్పుడు వేశారు?”

“ఏడు నెలలైంది. ఆరు నెలలకోసారి చాలని పుస్తకంలో ఉంది.”

“మీరు నడిచే స్పీడెంతండి?”

“రెండులోపే.”

“అదేనమ్మా. నెమ్మదిగా నడిస్తే మోటారుకు సుఖమనుకుంటారు అందరూ. దానికి అదే కష్టం.”

ఆ తరువాత ఆయన చేసి చూపించినది నేను మరచిపోలేను. బెల్టు కింది పలక మీది పొడిని గుడ్డతో తుడిచి, నూనె వేయకముందే, జంక్షన్ బోర్డుకు వచ్చే ఫేజు తీగ ఒక్కదాని చుట్టూ టాంగ్ టెస్టరు (తీగలో ఎంత కరెంటు పోతోందో కొలిచే పరికరం) తగిలించి, నన్ను 1.8లో నడవమన్నారు. 3.6 ఆంపియర్లు చూపింది. నన్ను దింపి, బెల్టు కింద రెండు వైపులా సిలికాన్ నూనె వేసి, ఖాళీగా ఐదు నిమిషాలు తిప్పి, మళ్లీ అదే వేగంలో నడవమంటే 1.7 చూపింది. అదే మనిషి, అదే నడక. మోటారు మీద బరువు మాత్రం సగానికి దిగింది.

కారణం ఆయన ఓపికగా వివరించారు. వేగంగా నడిచేటప్పుడు ఒక్కో పాదం బెల్టు మీద కొద్దిసేపే ఉంటుంది. నెమ్మది నడకలో మనిషి బరువంతా ఎక్కువసేపు బెల్టును కింది పలకకు అదిమి పట్టి ఉంచుతుంది, ఆ రాపిడిని జయించి లాగవలసింది మోటారే. పైగా మోటారును చల్లబరిచే చిన్న ఫ్యాను దాని ఇరుసుకే ఉంటుంది కనుక మోటారు నెమ్మదిగా తిరిగితే గాలీ తక్కువే తగులుతుంది. అంటే బల్ల దగ్గర పని చేసుకుంటూ నడవమని అమ్మే ఈ యంత్రానికి, ఏ వేగం కోసం మనం కొంటామో ఆ వేగమే అన్నిటికన్నా భారం. ఈ ఒక్క వాక్యం కంపెనీవారి పుస్తకంలో ఎక్కడా లేదు. నాకు కోపం బెల్టు ఎండినందుకు కాదు, ఈ మాట దాచినందుకు.

ఇప్పుడు ప్రతి నెల మొదటి ఆదివారం ప్లగ్గు తీసి, బెల్టు కింద, పాదాలు పడే చోటు వరకు వేళ్లు పోనిచ్చి చూస్తాను. వేళ్లకు జిడ్డు అంటితే వదిలేస్తాను. పొడిగా ఉంటేనే ఒక్కో వైపు రెండు చెంచాల లోపు నూనె వేస్తాను. ఎక్కువ పోస్తే బెల్టు జారుతుంది, దుమ్మూ పట్టుకుంటుంది. ఇంట్లో కుట్టుమిషన్ నూనె ఉంది, అది వేయవచ్చా అని ఆనాడు అడిగితే ఆయన గట్టిగా వద్దన్నారు. అలాంటి నూనె బెల్టు రబ్బరును మెత్తబరిచి పాడు చేస్తుందట. వేసవిలో నాకు నెలనెలా నూనె అవసరమవుతోంది, వానాకాలంలో రెండు నెలలకొకసారి సరిపోతోంది. కిటికీ రోడ్డు వైపు ఉండటం అందుకొక కారణం కావచ్చు.

కొన్న కొత్తలో దీనికి ఏ పోషణా అక్కర్లేదని నేను చాలామందితో అన్నాను. ఆ మాట విని మా కార్యాలయంలో ఇద్దరు కొన్నారు. మెకానిక్ వెళ్లిన సాయంత్రమే వారిద్దరికీ ఫోను చేసి, బెల్టు కింద చెయ్యి పెట్టి చూడమన్నాను. గుంటూరు బ్రాడీపేటలో ఉండే ఆమె బెల్టు కూడా పూర్తిగా ఎండి ఉంది.

ఆ కొత్తలోనే దీనికి చప్పుడు లేదని అందరితో చెప్పిన మాటనూ కొంత సరిదిద్దుకోవాలి. నా గదిలో లేదు, నిజమే. కానీ నా అడుగుల అదురు తమకు పగటి నిద్రలో వినిపిస్తోందని కింది వాటాలోని ఇంటిగలావిడ చెప్పాకే దాని కింద మందపాటి రబ్బరు చాప వేశాను. ఇప్పుడు ఫరవాలేదని ఆవిడ అంటున్నారు, అయినా రెండింటి నుంచి మూడింటి దాకా నేను నడవడం లేదు.

మళ్లీ కొనవలసి వస్తే ఇదే కొంటానా అంటే, నా వరకు కొంటాను. నా బరువు 58 కిలోలు, నా పనిలో సగం చూసే పని, నూనె వేసే ఓపిక నాకుంది. మా వారి బరువు 94 కిలోలు. యంత్రం 100 కిలోల వరకు మోస్తుందని రాసి ఉంది కదా అని ఆయన రెండు రోజులు నా వేగంలోనే నడిచి చూశారు. ఇరవై నిమిషాలకే మోటారు మూత చెయ్యి పెట్టలేనంతగా వేడెక్కింది. ఆ బరువుకు ఈ వేగం తగదని నాకు అర్థమైంది కానీ, అంతకన్నా పెద్ద మోటారున్న యంత్రాన్ని నేను వాడి చూడలేదు కనుక అలాంటివారికి ఏది కొనాలో చెప్పలేను. ఆయన మాత్రం తెల్లవారుజామున బీఆర్‌టీఎస్ రోడ్డుకే వెళుతున్నారు.