ఇంట్లో వాడే నీటి పరీక్ష సీసా: కొనదగిన వస్తువేనా?

తాగునీటిలో మలకాలుష్యం ఉందో లేదో ఇంట్లోనే తెలుసుకోవడానికి అమ్ముతున్న హెచ్‌టూఎస్ (హైడ్రోజన్ సల్ఫైడ్) సీసాలను ఈ వానాకాలంలో మా ఇంటి నీళ్లన్నింటిపైనా వాడి చూశాను. జల్ జీవన్ మిషన్ కింద గ్రామాల్లో శిక్షణ పొందిన మహిళలు నీటిని పరీక్షించేటప్పుడు వాడేది కూడా ఈ రకం సీసానే. ఒక్కో సీసాకు అయ్యే ఖర్చు ఒక ప్లేటు ఇడ్లీకి అయ్యేంతే కనుక ధర గురించి చెప్పుకోవలసినది పెద్దగా లేదు. అది ఏం చెబుతుంది, ఏం చెప్పదు అన్నదే అసలు విషయం.

ఈ పద్ధతిని 1982లో గ్వాలియర్‌లోని రక్షణ పరిశోధన సంస్థకు చెందిన మాంజా, మౌర్య, రావు అనే శాస్త్రవేత్తలు ప్రకటించారు. సీసా అడుగున బాక్టీరియాకు ఆహారమయ్యే పెప్టోన్, ఇనుము లవణం, సోడియం థయోసల్ఫేట్ వంటివి పట్టించిన కాగితం ముక్కగానీ పొడిగానీ ఉంటుంది. పేగుల్లో నివసించే సాల్మొనెల్లా, సిట్రోబాక్టర్ వంటి కొన్ని బాక్టీరియాలు థయోసల్ఫేట్ నుంచి హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువును పుట్టిస్తాయి. అది ఇనుముతో కలిసి నల్లని ఐరన్ సల్ఫైడ్‌గా మారుతుంది. అంటే సీసా నల్లబడితే నీటిలో మలకాలుష్యం ఉండవచ్చని గుర్తు. ఆ థయోసల్ఫేటే పంపు నీళ్లలో మిగిలిన క్లోరిన్‌ను కూడా విరిచేస్తుంది కాబట్టి, క్లోరిన్ కలిపిన నీటికి విడిగా మరో మందు వేయనక్కరలేదు. అతి తక్కువ సరంజామాతో ఇంత పని జరిగేలా ఆలోచించిన వారిని మెచ్చుకోకుండా ఉండలేం.

వాడడం సులువే. చేతులు సబ్బుతో కడుక్కుని, కొళాయిని కాసేపు వదిలి, మూత లోపలి వైపు వేలు తగలకుండా గీత వరకు నీళ్లు పట్టి, మూత బిగించి, కుదిపి, వెచ్చని చోట పక్కన పెట్టాలి. ముప్పై నుంచి ముప్పై ఏడు డిగ్రీల వేడి ఉంటే చాలు కనుక మన ఎండాకాలంలో గది అలమారే సరిపోతుంది, చలికాలంలో మాత్రం 48 గంటల వరకు ఆగి చూడడం మంచిది. నల్లబడేటప్పుడు ముందుగా అడుగున మసిలాంటి పొర ఏర్పడుతుంది, తర్వాత సీసా మొత్తం సిరా రంగుకు తిరుగుతుంది. మూత తీస్తే కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది, అయితే తీయకపోవడమే మేలు.

మా మున్సిపాలిటీ కొళాయి నుంచి నేరుగా పట్టిన నీటిలో ఏ మార్పూ రాలేదు. అవే నీళ్లు బిందెలో రాత్రంతా ఉండి, అందరూ గ్లాసు ముంచుకుని తాగిన తర్వాత పరీక్షిస్తే, మర్నాటికి సీసా నల్లబడింది. నీళ్లు శుభ్రంగానే ఇంట్లోకి వచ్చాయి, చెడిపోయింది మా వంటింట్లోనే. బిందెను తోమి, కొళాయి, మూత ఉన్న స్టీలు డ్రమ్ములోకి మారిన తర్వాత చేసిన పరీక్షలో రంగు మారలేదు. ఈ ఒక్క ఉపయోగం కోసమైనా సీసా కొనదగినదని నా అభిప్రాయం: ఎవరి చేయి బిందెలోకి వెళుతోందని ఇంట్లో వాదించుకోవలసిన పని లేకుండా అది కంటికి చూపించి ఊరుకుంటుంది.

అయితే రంగు మారని సీసాను ధ్రువపత్రంగా భావించడం ప్రమాదకరం. నీళ్ల విరేచనాలకు తరచుగా కారణమయ్యే ఇ.కోలై అనే బాక్టీరియా రకాలు గానీ, రక్త విరేచనాలు తెచ్చే షిగెల్లా గానీ సాధారణంగా ఈ వాయువును పుట్టించవు. వాటితో పాటు మలం నుంచి వచ్చే ఇతర బాక్టీరియాను చూసి అవి కూడా ఉండవచ్చని ఊహించడమే ఈ పరీక్ష చేసే పని. పైగా షిగెల్లా పదుల సంఖ్యలో కడుపులోకి వెళ్లినా జబ్బు తేగలదు. మన తాగునీటి ప్రమాణమైన ఐఎస్ 10500 ప్రకారం వంద మిల్లీలీటర్ల నీటిలో ఒక్క ఇ.కోలై కూడా కనిపించకూడదు. నేను వాడిన సీసాలో పట్టేదే ఇరవై మిల్లీలీటర్లు! వైరస్‌లు, జియార్డియా వంటి పరాన్నజీవులు దీని పరిధిలోకి అసలే రావు. చట్నీలోనో, కోసిన పండ్లలోనో, కోడిమాంసం కోసిన పీటమీదనో ఉన్న క్రిముల గురించి ఇది చెప్పగలిగేది ఏమీ లేదు.

నలుపును కూడా ఒక సందర్భంలో అనుమానించాలి. కొన్ని బోరు నీళ్లలో సహజంగానే సల్ఫైడ్ ఉంటుంది. నీళ్లు పోసిన కొద్ది నిమిషాల్లోనే సీసా నల్లబడితే అది బాక్టీరియా పని కాకపోవచ్చు, ఎందుకంటే అవి పెరగడానికి గంటలు పడుతుంది. అలాంటప్పుడు జిల్లా ప్రయోగశాలలో పరీక్ష చేయించాలి, అంతవరకు నీళ్లు కాచి తాగాలి. బుడగలు పొంగేలా ఒక నిమిషం మరిగిస్తే విరేచనాల బాక్టీరియా చస్తుంది. క్లోరిన్ బిళ్ల వేసుకునేవారు అరగంట ఆగి తాగాలి. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం ప్రబలి ప్రాణాలు పోయిన తర్వాత కూడా రంగు, రుచి చూసి నీళ్లు మంచివని తేల్చేవారు మన చుట్టూ చాలామందే ఉన్నారు.

నా ఫిర్యాదులు రెండు. సూచనల కాగితం ఇంగ్లీషులో, కళ్లద్దాలు పెట్టుకున్నా కష్టమనిపించే అక్షరాల్లో ఉంది. తెలుగులో నాలుగు ముక్కలు అచ్చువేయడానికి తయారీదారుకు ఏం అడ్డొచ్చిందో తెలియదు. అంతకంటే ముఖ్యమైనది, నల్లబడిన సీసాను ఏం చేయాలో అందులో లేనేలేదు. ఆ సీసాలో బాక్టీరియా కోట్లలోకి పెరిగి ఉంటుంది కనుక దాన్ని వంటింటి సింకులో పారబోయకూడదు. బ్లీచింగ్ పౌడరు కలిపిన నీళ్లు అందులో పోసి, అరగంట ఆగి, మరుగుదొడ్డిలో ఒంపి, చేతులు సబ్బుతో కడుక్కోవాలి. కొనేటప్పుడు గడువు తేదీ చూసుకోండి, మూత సీలు ఊడినవి తీసుకోకండి. పసిపిల్లలున్న ఇల్లు, హాస్టలు, అంగన్‌వాడీ వంటి చోట్ల వానలు మొదలయ్యేటప్పుడు ఒకసారి, పైపులైను పగిలి బాగుచేసిన ప్రతిసారీ ఒకసారి వాడితే సరిపోతుంది.