బోరు వేయించే ముందు ఇండియా డబ్ల్యూఆర్ఐఎస్ సైట్ చూడండి

మా చంద్రగిరి పక్క బోరు పాయింట్ అంటే ఇప్పటికీ అరచేతిలో టెంకాయ పెట్టుకుని కయ్యంతా తిరగడమే, లేదంటే బోరు బండి ఏజెంట్ చెప్పిన మాట. అందుకే కేంద్ర జలశక్తి శాఖ వాళ్ల ఈ ఇండియా డబ్ల్యూఆర్ఐఎస్ (నీటి వనరుల సమాచార వ్యవస్థ) సైట్ గురించి రాస్తున్నా. భూగర్భ జలాలు, వర్షపాతం, రిజర్వాయర్లు, నీళ్ల నాణ్యత అన్నీ ఒకేచోట ఉన్నాయి, పైసా కట్టక్కర్లేదు.

నాకు బాగా పనికొచ్చింది భూగర్భ జలాల భాగం. ఇక్కడ ఒకటి గుర్తుపెట్టుకోండి, లెవల్ అంటే నేల మీద నుంచి నీళ్లు ఎన్ని మీటర్ల లోతులో ఉన్నాయని, అంటే నంబర్ పెరిగితే నీళ్లు దిగిపోయినట్టు, మన బోరోళ్లు అడుగుల్లో చెప్తారు కాబట్టి 10 మీటర్లంటే దాదాపు 33 అడుగులు అని లెక్కేసుకోండి. కేంద్ర భూగర్భ జల మండలి వాళ్లు బావుల్ని ఏడాదికి 4 సార్లు కొలుస్తారు. వానలకు ముందు మే రీడింగ్, తర్వాత నవంబర్ రీడింగ్ పక్కపక్కన పెట్టి చూడండి. మా పక్క అసలు వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా కదా, జనవరి రీడింగ్ కూడా చూస్తేనే నిజం తెలుస్తుంది.

అయితే అది చుట్టుపక్కల పరిస్థితి మాత్రమే, మీ కయ్యలో ఎక్కడ పడుతుందో చెప్పదు. తాగే నీళ్లకైతే విడిగా టెస్ట్ చేయించాల్సిందే, ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు.

ఫోన్ కన్నా కంప్యూటర్లో చూస్తే మ్యాపు బాగా కనిపిస్తుంది. నా రేటింగ్ 5కి 4. తెలుగులో, మండలం పేరు కొడితే వచ్చేలా చేస్తే మా నాయన కూడా చూసుకుంటాడు, దయచేసి అది చేయండి సార్.