ఆర్ద్ర చూడాలా, కృత్తికలు చూడాలా?

నక్షత్రాల పుట్టుక, ముసలితనం, చావు గురించి చదివినవాళ్ళు తరచూ అడిగే ప్రశ్న ఇది: "ఇదంతా కళ్ళారా చూడాలంటే ముందు ఎటు చూడాలి?" ఎక్కువమంది మనసులో ముందే ఆర్ద్ర (ఇంగ్లీషులో బెటెల్జ్యూస్) ఉంటుంది.

ఆర్ద్రను తక్కువ చేయలేం. సూర్యుడికి 15 నుంచి 20 రెట్ల ద్రవ్యరాశితో పుట్టి, కోటి ఏళ్ళు నిండీ నిండకుండానే చివరి దశకు చేరింది. దాన్ని సూర్యుడి చోట పెడితే కుజుడి కక్ష్య కూడా లోపలికే పోతుంది. 2019 చివర్లో అది మసకబారడం మొదలైతే పేలబోతోందని అంతా ఎదురుచూశారు. తీరా తేలిందేమిటంటే, అది బయటికి విసిరిన వాయువు చల్లారి, ధూళిగా మారి వెలుగుకు అడ్డుపడింది. పేలడం మాత్రం ఖాయం, కాకపోతే లక్ష ఏళ్ళ దాకా పట్టవచ్చు.

ఇబ్బందల్లా, పోల్చి చూడటానికి దాని పక్కన మన కంటికి కనిపించే తోటి నక్షత్రం లేకపోవడం. దూరమే సరిగ్గా తేలలేదు, 500 నుంచి 700 కాంతి సంవత్సరాల మధ్య అంచనాలున్నాయి. దూరం తేలందే అసలు వెలుగు తేలదు, అది తేలందే వయసూ తేలదు.

కృత్తికల్లాంటి నక్షత్రాల గుంపుల్లో ఈ చిక్కు లేదు. నా దృష్టిలో తేల్చేది ఇదే. కృత్తికలన్నీ ఒకే మేఘంలోంచి, దాదాపు ఒకేసారి వచ్చాయి. ఒకే కాన్పు పిల్లలన్నమాట. వయసూ దూరమూ ఒకటే కాబట్టి వాటి మధ్య తేడాలకు ముఖ్య కారణం ద్రవ్యరాశే. సూర్యుడికి రెట్టింపు ద్రవ్యరాశి ఉన్న నక్షత్రం సుమారు 10 రెట్లు వెలుగుతుంది. ఇంధనం రెండింతలు, ఖర్చు పదింతలు. ఆయుష్షు అయిదో వంతుకు పడిపోతుంది.

ఇది ఆకాశంలోనే కనబడుతుంది. కృత్తికల వయసు 10 కోట్ల ఏళ్ళ పైచిలుకు. బైనాక్యులర్స్‌లో చూస్తే ప్రకాశమైనవన్నీ నీలి తెలుపే. అక్కడి నుంచి రోహిణి వైపు జరగండి. ఇంగ్లీషు 'వి' అక్షరంలా కనిపించేది హయాడిస్ గుంపు, వయసు 60 కోట్ల ఏళ్ళ పైనే. (రోహిణి ఆ గుంపుది కాదు. గుంపు 150 కాంతి సంవత్సరాల దూరంలో ఉంటే రోహిణి 65 దగ్గరే ఉంది.) ఇక్కడ ఆ నీలి నక్షత్రాలు ఒక్కటీ మిగల్లేదు. అంత బరువైనవి ఎప్పుడో కాలిపోయి శ్వేత కుబ్జాలయ్యాయి, అంటే ఇంధనం అయిపోయాక మిగిలే చిన్న, దట్టమైన అవశేషాలు. 'వి'లో రోహిణి ఉన్న కొమ్మ మధ్యలో రెండు నక్షత్రాలు ఆనుకున్నట్టుంటాయి. మంచి చూపుంటే ఉత్త కంటికే విడిపోతాయి. ఒకటి తెల్లన, రెండోది పసుపు కలిసిన నారింజ. నారింజది కేంద్రంలోని హైడ్రోజన్ అయిపోయి ఉబ్బిపోయింది, తెల్లది ఇంకా అంతగా ఉబ్బలేదు. తోబుట్టువుల్లో ఒకటి ముందే ముసలిదవడం ఇంత స్పష్టంగా ఆర్ద్ర చూపించలేదు.

మిగతావి రెండు ముక్కల్లో. ఓరియన్ నెబ్యులా అనే వాయువు, ధూళి మేఘంలో ఇప్పటికీ నక్షత్రాలు పుడుతున్నాయి, కానీ బైనాక్యులర్స్‌లో కనిపించేది మసక మచ్చే. 1054లో చైనావాళ్ళు నమోదు చేసిన పేలుడు శిథిలం క్రాబ్ నెబ్యులా. టెలిస్కోపు లేకపోతే దాని జోలికి పోవద్దు.

మొదటిసారైతే హయాడిస్, కృత్తికలు ఒకే రాత్రి వెంటవెంటనే చూడండి. సూర్యుడి ఈడు నక్షత్రాలు కావాలంటే కర్కాటక రాశిలో ఎం67 అనే గుంపు ఉంది, వయసు 400 కోట్ల ఏళ్ళ దరిదాపు. అందులో నక్షత్రాలు విడివిడిగా కనపడాలంటే మాత్రం టెలిస్కోపు ఉండాల్సిందే.