నెట్ మీటరు రాకముందే సోలార్ ఆన్ చేయకండి: ఏడాదిన్నర వాడాక చెబుతున్న మాట

ఇంటి మీద సోలార్‌కు కేంద్రం సబ్సిడీ ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకం కింద డాబా మీద 3 కిలోవాట్ల ప్లాంటు పెట్టి ఏడాదిన్నర అయింది. ప్యానెళ్ల మీద నాకు ఫిర్యాదు లేదు. కోపమంతా మీటరు దగ్గరే. ప్యానెళ్లు బిగించడం రెండు రోజుల పని. ఆ తర్వాత, మనం లైను నుంచి తీసుకున్న కరెంటునూ లైనులోకి పంపిన కరెంటునూ విడివిడిగా లెక్కగట్టే నెట్ మీటరు వచ్చేదాకా ఉండే ఖాళీలోనే డబ్బు పోతుంది. ఆ సంగతి ముందుగా ఎవరూ చెప్పరు.

బిగించిన రోజున ఎలక్ట్రీషియన్ టెస్టింగ్ అని ఇన్వర్టర్ ఆన్ చేస్తాడు, అలాగే వదిలేసి వెళ్లిపోతాడు. మా సర్వీసుకూ ఇదే జరిగింది. పాత ఎలక్ట్రానిక్ మీటర్లు చాలావాటికి కరెంటు ఎటు పోతోందన్న తేడా ఉండదు. వైర్లు తిప్పి కట్టి దొంగతనం చేయకుండా, వెనక్కి వెళ్లే కరెంటును కూడా వాడకం కిందే లెక్కగట్టేలా వాటిని తయారుచేశారు. ఎండ బాగుంటే 3 కిలోవాట్లకు రోజుకు సుమారు 12 యూనిట్లు వస్తాయి. పగలు ఇంట్లో 3 వాడితే మిగతా 9 లైనులోకి పోతాయి, ఆ 9 మన బిల్లుకే ఎక్కుతాయి. 12 రోజులు అలా నడిస్తే 108 యూనిట్లు, అవీ పై శ్లాబు రేటుకు. తర్వాత వెళ్లి అడిగినా మీటర్లో కనిపించే రీడింగే లెక్క. పైగా తనిఖీ కాకుండా గ్రిడ్‌కు కలపడం మన తప్పే అవుతుంది. టెస్టింగ్ అయిన వెంటనే ఏసీడీబీలో, అంటే ఇన్వర్టర్ నుంచి వచ్చే ఏసీ కరెంటు పెట్టెలో, ఎంసీబీ స్విచ్ దించేయండి, ఇన్వర్టర్ కింద ఉండే డీసీ స్విచ్ కూడా ఆఫ్ చేయించండి. ఆ రోజు మీటరు రీడింగ్ ఫొటో తీసి పెట్టుకోండి.

నెట్ మీటరు పెట్టాక కూడా మొదటి బిల్లు జాగ్రత్తగా చూడాలి. కొత్త మీటరులో ఇంపోర్ట్, ఎక్స్‌పోర్ట్ అని రెండు రీడింగులు వస్తాయి. చాలా మీటర్లలో మొదటిదానికి 1.8.0, రెండోదానికి 2.8.0 అన్న కోడ్ కనిపిస్తుంది. ఆఫీసు రికార్డుల్లో మన సర్వీసు నెట్ మీటరింగ్ కిందికి మారకపోతే, స్పాట్ బిల్లింగ్ మిషన్ ఇంపోర్ట్ ఒక్కటే తీసుకుని బిల్లు కొట్టేస్తుంది. రీడింగ్ తీసేవాళ్లు వచ్చిన రోజున దగ్గరుండి రెండు అంకెలూ రాయించుకోవాలి.

10 కిలోవాట్ల దాకా అనుమతి అక్కర్లేదని మొదట్లో నేనూ అందరికీ ఉత్సాహంగా చెప్పాను. అది సగమే నిజం. 2024 ఫిబ్రవరిలో సవరించిన నిబంధనల ప్రకారం సాంకేతిక పరిశీలన లేకుండానే దరఖాస్తు ఆమోదం పొందినట్టు లెక్క. కానీ డిస్కంతో (కరెంటు పంపిణీ సంస్థతో) ఒప్పందం, మీటరు పరీక్ష, అక్కడి ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) తనిఖీ మాత్రం తప్పవు. శాంక్షన్డ్ లోడ్, అంటే మన కనెక్షన్‌కు మంజూరైన లోడు, 1 కిలోవాటే ఉంటే దాన్ని పెంచుతారు. లోడును బట్టి ప్రతి నెలా కట్టే స్థిర చార్జీ కూడా దాంతోపాటే పెరుగుతుంది. అందుకే సోలార్ పెడితే సున్నా బిల్లు అనే మాట యూనిట్ల వరకే.

తనిఖీలో ఎక్కువగా ఆగేది ఎర్తింగ్ దగ్గర. ప్యానెళ్ల స్ట్రక్చరుకు ఒకటి, ఏసీ వైపు ఒకటి, పిడుగు నుంచి కాపాడే లైట్నింగ్ అరెస్టరుకు ఒకటి, మొత్తం మూడు గుంతలు విడివిడిగా ఉండాలి. రెసిస్టెన్స్ 5 ఓమ్‌ల లోపు రావాలి. రెండు గుంతలతో సరిపెడతామనే వెండర్‌కు ముందే గట్టిగా చెప్పండి. ప్యానెల్ సీరియల్ నంబర్లు పథకం పోర్టల్లో ఎక్కించాలి కాబట్టి, బిగించకముందే వెనక స్టిక్కర్లు ఒక్కొక్కటీ ఫొటో తీయండి. ఆ తర్వాత అవి చేతికందవు.

సబ్సిడీకి డీసీఆర్ ప్యానెళ్లే పెట్టాలి, అంటే లోపలి సెల్ కూడా మన దేశంలో తయారైనదే కావాలి. ప్యానెళ్ల మొత్తం, ఇన్వర్టర్ సామర్థ్యం, ఈ రెంటిలో ఏది తక్కువైతే దానికే సబ్సిడీ లెక్క. 540 వాట్లవి ఆరు పెడితే పూర్తి 78,000 రూపాయలు. ఐదే పెడితే 2.7 కిలోవాట్లు, 72,600 దగ్గర ఆగిపోతుంది.

ఇవన్నీ ఒక ఎత్తు, బిల్లు మీది పేరు ఒక ఎత్తు. కనెక్షన్ ఇంకా తాతగారి పేరునో, ఇల్లు అమ్మినవాళ్ల పేరునో ఉంటే ముందు పేరు మార్పించాకే పోర్టల్ తెరవండి. బ్యాంకు ఖాతాలోనూ అదే పేరుండాలి.

మా బిల్లు మా పేరునే ఉంది, డాబా మీద నీడ పడదు, నెలకు 300 యూనిట్లు దాటి వాడతాం కాబట్టి మాకు ఇది గిట్టుబాటే. తెలంగాణలో గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు ఉచితంగా వాడుకుంటున్న ఇంటికి మాత్రం ఇదే మాట చెప్పలేను.