సోలార్ పెట్టిస్తున్నారా? నెట్ మీటర్ రాకుండా స్విచ్ వెయ్యనివ్వకండి

బిల్లు తగ్గుతుందని ఇంటి మీద సోలార్ పెట్టిస్తే మాకు వచ్చిన మొదటి బిల్లు పాత బిల్లుకి రెట్టింపు పైన ఉంది. ఇప్పుడు వీధివీధికీ సోలార్ ఏజెంట్లు తిరుగుతున్నారు కాబట్టి, అడ్వాన్స్ చేతిలో పెట్టేముందు ఇది ఒకసారి చదవండి.

మాది రాజమండ్రి, సొంత డాబా. ఏసీ, మోటారు కలిపి నెలకి 280 యూనిట్ల దాకా కాలుతుంది. ఆంధ్రాలో 225 దాటిన యూనిట్‌కి 8.75, 400 దాటితే 9.75 పడుతుంది. పై స్లాబులోకి వెళ్ళకుండా ఉంటే చాలనుకుని పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకి దరఖాస్తు పెట్టాం. ఇందులో 1 కిలోవాట్‌కి 30 వేలు, రెండుకి 60 వేలు, మూడు, ఆపైన ఎన్నయినా 78 వేలు సబ్సిడీ. ఆ పథకం పోర్టల్‌లో నమోదైన ఏజెన్సీనే ఎంచుకున్నాం. పేరు ఇక్కడ రాయను. ఒక్క ఏజెన్సీ సంగతే అయితే ఇంత పోస్టు అక్కర్లేదు, ఇదే పని చాలామంది చేస్తున్నారని తర్వాత తెలిసింది.

సోలార్ పెట్టిన ఇంటికి పాత మీటర్ బదులు నెట్ మీటర్ అనే వేరే మీటర్ పెడతారు. ప్యానెళ్ళు బిగించిన రోజే, "నెట్ మీటర్ రావటానికి టైం పడుతుంది సార్, అప్పటిదాకా కరెంటు వేస్ట్ ఎందుకు, ఆన్ చేసేస్తాం" అని కుర్రాడు స్విచ్ వేసేశాడు. ఇన్వర్టర్ తెర మీద రోజుకి పన్నెండు యూనిట్లు చూపిస్తుంటే అందరం సంబరపడ్డాం. తర్వాత బిల్లు వచ్చింది, 460 యూనిట్లు.

కరెంటాఫీసుకి ఫోన్ చేస్తే లైన్‌మన్ వచ్చాడు. మంచి ఎండలో, ఇంట్లో ఫ్యాన్లు, ఫ్రిజ్, మోటారు అన్నీ ఆపించాడు. మీటర్ మీద ఎర్రలైటు మాత్రం గబగబా కొట్టుకుంటూనే ఉంది. సోలార్ స్విచ్ దించాడు, లైటు ఆగిపోయింది. సంగతి ఏమిటంటే, మనం వాడగా మిగిలిన సోలార్ కరెంటు లైను మీదకి వెళ్ళిపోతుంది. పాత డిజిటల్ మీటర్లు చాలావాటికి వచ్చేదీ వెళ్ళేదీ తేడా తెలియదు. వైర్లు తిప్పి మీటర్ వెనక్కి తిప్పే దొంగతనాలు ఆపటానికి, కరెంటు ఎటు పారినా యూనిట్లు కూడేలాగే వాటిని తయారుచేశారు. దొంగల కోసం పెట్టిన ఏర్పాటు మాకు తగిలింది. పగలు మేం వాడేది మూడు యూనిట్లు, మిగతా తొమ్మిదీ లైనులోకి. నెలకి 270 యూనిట్లు మేం వాళ్ళకిచ్చి, వాళ్ళకే డబ్బు కట్టాం. వచ్చేదీ వెళ్ళేదీ వేరువేరుగా రాసుకునే నెట్ మీటర్ పెట్టి, డిపార్ట్‌మెంట్ వాళ్ళు చూసి సరేనన్నాకే సోలార్ ఆన్ చెయ్యాలి. అనుమతి లేకుండా లైనుకి కలపటమే తప్పు, ఆ సంగతి ఏజెన్సీ వాళ్ళకి తెలియకపోవటం అనేది ఉండదు.

ఇక రెండోది, ఇది ఇంకా ఖరీదైనది. సబ్సిడీ రావాలంటే ప్యానెళ్ళు 'డీసీఆర్' అయివుండాలి. అంటే ప్యానెలే కాదు, లోపలున్న సెల్ కూడా మన దేశంలో తయారైనదే కావాలి. బయటి నుంచి సెల్స్ తెప్పించి ఇక్కడ అతికించిన ప్యానెల్ మీద కూడా మేడిన్ ఇండియా అనే ఉంటుంది. మా ప్యానెళ్ళు అవే. సీరియల్ నంబర్లు చూస్తే డీసీఆర్‌వి కావని మా సబ్సిడీ ఫైలు ఆగిపోయింది. అడిగితే ఏజెంట్, "స్టిక్కర్ మీద ఇండియా అని రాసుంది కదండీ" అని మాకే చూపిస్తున్నాడు! మిగతావాళ్ళకంటే వాళ్ళ రేటు ఎందుకు తక్కువో అప్పుడు అర్థమైంది, నాన్ డీసీఆర్ ప్యానెల్ చవక. ప్యానెళ్ళు మారుస్తామని ఒప్పుకున్నారు. ఎప్పుడంటే, స్టాక్ రాగానే. ఆ స్టాక్ ఇంకా వస్తూనే ఉంది.

కాబట్టి కొటేషన్‌లో '3 కిలోవాట్ల సిస్టం' అని ఒక్క ముక్క రాసిస్తే ఒప్పుకోకండి. ప్యానెల్ కంపెనీ, మోడల్, ఒక్కోటి ఎన్ని వాట్లు, ఎన్ని ప్యానెళ్ళు, డీసీఆర్ అనే మాట, ఇన్వర్టర్ కంపెనీ, నెట్ మీటర్ ఖర్చు ఎవరిది, ఇవన్నీ కాగితం మీద ఉండాలి. సరుకు దిగిన రోజు, మేడ మీదకి ఎక్కించకముందే, ప్రతి ప్యానెల్ సీరియల్ నంబరూ ఫోటో తీసి, తయారీ కంపెనీ ఇచ్చిన డీసీఆర్ సర్టిఫికెట్‌లోని నంబర్లతో సరిచూసుకోండి. బిగించాక ప్యానెల్ వెనక్కి దూరి చూడటం మన వయసువాళ్ళ వల్ల కాదు. స్టాండుకి రంగు పూసిన మామూలు ఇనుము వద్దు, తుప్పు పట్టకుండా జింకు పూత వేసిన గాల్వనైజ్డ్ అడగండి. సముద్రం దగ్గరవాళ్ళయితే మరీ. అయిదేళ్ళ మెయింటెనెన్స్ ఈ పథకంలోనే ఉంది, దానికి విడిగా డబ్బు అడిగితే ఇవ్వక్కర్లేదు.

సబ్సిడీ ఏజెన్సీకి రాదు, పని పూర్తయి తనిఖీ అయ్యాక మన బ్యాంకు ఖాతాలో పడుతుంది. "సబ్సిడీ మేం చూసుకుంటాం" అనేవాళ్ళని అక్కడే ఆపండి. మొత్తం డబ్బు ముందే ఇవ్వకండి, చెప్పుకోదగ్గ మొత్తం నెట్ మీటర్ బిగించేదాకా చేతిలో ఉంచుకోండి. మా పక్కవీధి ఆయన అలాగే చేశారు, ఆయన ఫోన్ మాత్రం ఏజెన్సీ వాళ్ళు మొదటి రింగుకే ఎత్తుతారు.

"బిల్లు జీరో" అనే మాట కూడా నమ్మకండి, ఫిక్స్‌డ్ చార్జీలు ఎలాగూ ఉంటాయి. బ్యాటరీ లేని సిస్టం కరెంటు పోతే తనూ ఆగిపోతుంది, ఎండ ఎంత ఉన్నా సరే. లైను మీద పనిచేసేవాళ్ళకి షాక్ కొట్టకుండా ఆ ఏర్పాటు.

సోలార్ వద్దని నేను చెప్పటం లేదు. నెట్ మీటర్ పెట్టాక మా బిల్లు బాగా తగ్గింది. 78 వేల సంగతే తేలాలి. పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాం, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కీ చెప్పాం.

మీ ఇంటి మీద ప్యానెళ్ళు ఎక్కి, నెట్ మీటర్ ఇంకా రాకపోయినా ఇన్వర్టర్ తెర మీద యూనిట్లు కనబడుతుంటే, బిల్లు వచ్చేదాకా ఆగకండి. సోలార్ మెయిన్ స్విచ్ దించేసి కరెంటు వాళ్ళ హెల్ప్‌లైన్ 1912కి ఫోన్ చెయ్యండి.