ఫ్లోరోసిస్ ఉన్న అమ్మతో సింగపూర్ క్రూయిజ్: ఓడకు నాలుగు స్టార్లు, ఏజెంటుకు ఒకటి

ముందే తేల్చి చెప్పేస్తాను. ఓడ బాగుంది, ఓడలో పనిచేసేవాళ్ళు ఇంకా బాగున్నారు, మాకు బుకింగ్ చేసిపెట్టిన హైదరాబాద్ ఏజెంటు మాత్రం అసలైన విషయంలో దేనికీ అక్కరకు రాలేదు. ఈ మధ్య మా నల్గొండ వైపు కూడా పిల్లలు బయటి దేశాల నుంచి డబ్బులు పంపి అమ్మానాన్నల్ని ఓడ ఎక్కించమంటున్నారు. మోకాళ్ళ నొప్పులో, గుండె జబ్బో, షుగరో లేని పెద్దవాళ్ళు ఎంతమంది ఉంటారు చెప్పండి? అందుకే వివరంగా రాస్తున్నాను. సింగపూర్‌లో ఎక్కి మలేషియాలోని పెనాంగ్, థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ మీదుగా సాగే టూర్ మాది. కంపెనీల పేర్లు రాయడం లేదు, ఇది ఏ ఓడ ఎక్కినా పనికొచ్చే సంగతే.

మాది మర్రిగూడ మండలం. ఆ పేరు వింటే నల్గొండవాళ్ళకి ఇంకేమీ చెప్పక్కర్లేదు. తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు, మా బోర్లలో అది ఎప్పుడూ దాటే ఉండేది, ఆ నీళ్ళే అమ్మ తరం చిన్నప్పటి నుంచి తాగింది. అలా ఎముకలు బిగుసుకుపోయే జబ్బే ఫ్లోరోసిస్. ఇప్పుడు మిషన్ భగీరథ వచ్చి కృష్ణా నీళ్ళు తాగుతున్నాం, పిల్లలకి ఆ భయం తగ్గింది, కానీ ఒకసారి బిగుసుకుపోయిన ఎముకలు మళ్ళీ వదులు కావు కదా. అమ్మకి వెన్ను కర్రలా అయిపోయింది. మెడ కిందికి వంగదు, అంటే తన కాళ్ళ ముందు ఏముందో తనకే కనిపించదు. మోకాళ్ళు సగమే మడుస్తుంది. చదునైన చోట మెల్లగా నడుస్తుంది, చిన్న మెట్టయితే పట్టుకుని ఎక్కుతుంది, దిగడమే నరకం. కుర్చీ ఎత్తు తక్కువైతే ఎవరో ఒకరు లేపాల్సిందే.

ఇదంతా ఏజెంటుకు ఫోన్లో చెప్తే ఆయన అన్నది ఒకటే మాట: "వీల్‌చైర్ పెట్టిస్తాం మేడమ్, టెన్షన్ పడకండి." రూములో బాత్రూమ్ గడప ఎంత ఎత్తు అంటే తెలీదు. ఫుకెట్‌లో ఓడ ఒడ్డుకి ఆనుతుందా అంటే అదీ తెలీదు. ఇలాంటివాళ్ళ కోసం ఓడ కంపెనీ దగ్గర విడిగా ఒక ఫారం ఉంటుందన్న సంగతి కూడా ఆయన నోట రాలేదు, మా తమ్ముడు కంపెనీకి నేరుగా మెయిల్ పెడితే అప్పుడు వచ్చింది. ఈ ఫారం చాలా కంపెనీలు నెల, రెండు నెలల ముందే అడుగుతాయి, కాబట్టి డబ్బు కట్టిన రోజే అడిగి తీసుకోండి.

ఆ ఫారంలో జబ్బు పేరు రాసి ఊరుకుంటే లాభం లేదు. ఫ్లోరోసిస్ అంటే మన మునుగోడు, చండూరు, నాంపల్లిలో ఎవరికైనా తెలుసు గానీ సముద్రం మీద పనిచేసే ఫిలిప్పీన్స్ అబ్బాయికి ఏం తెలుస్తుంది? మేం ఒంట్లో ఏ కదలిక కష్టమో రాశాం. మెట్టు దిగలేదు, కింద చూడలేదు, కూర్చున్న చోటు నుంచి లేపేటప్పుడు చంకల కింద కాదు, నడుము దగ్గర పట్టుకోవాలి. ఇలా రాస్తేనే పని జరిగింది. విమానంవాళ్ళు ఈ విషయంలో ఎప్పటి నుంచో పద్ధతిగా ఉన్నారు, ఒక్కో అవసరానికి ఒక్కో కోడ్ పెట్టారు. దూరం నడవలేరు గానీ మెట్లు ఎక్కగలరు అంటే డబ్ల్యూసీహెచ్ఆర్, మెట్లు ఎక్కలేరు అంటే డబ్ల్యూసీహెచ్ఎస్, సీటు దాకా మోసుకెళ్ళాలి అంటే డబ్ల్యూసీహెచ్‌సీ. టికెట్ మీద వీటిలో ఏది ఉందో చూసుకోండి. మాకు ఏజెంటు మొదటిది పెట్టాడు, మేం పట్టుబట్టి రెండోదానికి మార్పించాం. అందుకే శంషాబాద్‌లో అమ్మ ఒక్క మెట్టు కూడా తొక్కకుండా విమానం సీటు దాకా వెళ్ళింది.

సింగపూర్‌లో మెరీనా బే క్రూయిజ్ సెంటర్ నుంచి ఎక్కాం. వీల్‌చైర్ ఉన్నవాళ్ళకి అక్కడ వేరే వరస ఉంది, తోడు వెళ్ళేవాళ్ళనీ అందులోకే పంపిస్తారు. ఎయిర్‌పోర్టులో విమానానికి ఉన్నట్టే ఇక్కడా ఓడకి కప్పున్న వంతెన ఉంది, వాలు ఉంటుంది గానీ మెట్లు లేవు. ఓడవాళ్ళ వీల్‌చైర్ ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ మాత్రమే ఇస్తారు, రూముకి చేర్చాక వెనక్కి తీసుకెళ్ళిపోతారు. మధ్యలో తిరగడానికి మనది మనకి ఉండాలి. మేం కోఠిలో కొన్న మడతపెట్టే కుర్చీ వెంట తీసుకెళ్ళాం, విమానంలో దానికి అదనంగా ఏమీ కట్టలేదు. బ్యాటరీ కుర్చీ అయితే విమానంవాళ్ళకీ ఓడవాళ్ళకీ ముందే చెప్పాలి, ఓడలో దాన్ని కారిడార్‌లో పెట్టనివ్వరు, రూములోనే పట్టాలి.

అసలు పరీక్ష పెనాంగ్‌లో ఎదురైంది. అక్కడ ఓడ ఒడ్డుకే ఆనుతుంది, దిగడానికి ఇనుప నిచ్చెనలాంటి గ్యాంగ్‌వే వేస్తారు. నాగార్జునసాగర్‌లో లాంచీ ఎక్కినవాళ్ళకి ఈ సంగతి వెంటనే అర్థమవుతుంది, నీళ్ళు 590 అడుగుల దగ్గర నిండుగా ఉన్నప్పుడు ఒడ్డు నుంచి దిగే దూరం వేరు, నీళ్ళు కిందికి పోయినప్పుడు వేరు. సముద్రంలో ఆటుపోట్ల వల్ల ఆ తేడా ఒక్కరోజులోనే వచ్చేస్తుంది. పొద్దున మేం దిగినప్పుడు వాలు బాగా ఎక్కువగా ఉంది. పైగా గ్యాంగ్‌వే కింది కొస ఒడ్డుకి కట్టేసి ఉండదు, చక్రాల మీద ఉంటుంది, ఓడ కదిలినప్పుడల్లా అది కూడా బెత్తెడు ముందుకీ వెనక్కీ జరుగుతుంది. ఆ కొసకీ నేలకీ మధ్య ఒక ఇనుప రేకు. మామూలు మనిషి చూసి దాటేస్తాడు, చూపు కిందికి దించలేని మనిషికి అదే గండం.

అమ్మ భయపడింది. "వద్దు బిడ్డా, నేను ఈడనే ఉంట, మీరు పోయి రాండ్రి" అంది. అక్కడున్న ఇద్దరు సిబ్బంది తొందరపెట్టలేదు, వెనక ఉన్నవాళ్ళని పక్క నుంచి పంపించేశారు. కుర్చీని వెనక్కి తిప్పారు, అమ్మ ముఖం ఓడ వైపు ఉండేలా. ఒకతను కింద నుంచి ఆపుతూ, ఇంకొకతను పై నుంచి పట్టుకుని ఒక్కో అడుగూ దించారు. వాలులో ఎప్పుడూ అలాగే దించాలట, ముందుకి తిప్పి దించితే మనిషి జారి పడతారు. రేకు దగ్గరికి రాగానే ఆగి, అమ్మకి కనిపించేలా తన అరచేతిని ఎత్తి కుదుపు వస్తుందని చూపించాడు ఆ అబ్బాయి. ఫారంలో రాసిన ఆ ఒక్క ముక్క, కింద చూడలేదు అన్నది, వాళ్ళ దాకా చేరింది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సాయంత్రం తిరిగొచ్చేసరికి వాలు తగ్గింది, ఎక్కడం తేలికే అయింది.

ఫుకెట్‌లో ఓడ పటాంగ్ దగ్గర సముద్రంలోనే ఆగుతుంది, చిన్న పడవల్లోకి మారి ఒడ్డుకి వెళ్ళాలి. వీటిని టెండర్ బోట్లు అంటారు. అలలకి పడవ ఒక పక్క లేస్తూ దిగుతూ ఉంటే దానిలోకి అడుగు వెయ్యాలి, సొంతంగా అడుగు వెయ్యలేనివాళ్ళని చాలా ఓడలు ఎక్కనివ్వవు, ఆ రోజు గాలిని బట్టి ఓడవాళ్ళదే తుది మాట. ఇది తప్పు అని నేను అనను, మనిషి నీళ్ళల్లో పడితే ఎవరు బాధ్యులు? కానీ డబ్బు కట్టించుకునే ముందే చెప్పాలి కదా. ఏజెంటు ఇచ్చిన కాగితంలో ఫుకెట్ బీచ్ ఫొటోలే ఉన్నాయి. మేం ఫారం వచ్చినప్పుడు అడిగి తెలుసుకున్నాం కాబట్టి తమ్ముడి కుటుంబం ఒడ్డుకి వెళ్ళింది, నేను అమ్మతో ఉండిపోయాను. అమ్మకి ఏ బాధా లేదు, ఖాళీ అయిన డెక్ మీద చేతులున్న ఎత్తు కుర్చీ చూసుకుని కూర్చుంది. మీ పెద్దవాళ్ళు ప్రతి ఊరూ దిగి చూడాలనుకుంటే మాత్రం ఎక్కడెక్కడ టెండర్ ఉందో చూసుకున్నాకే టూర్ ఎంచుకోండి.

రూము గురించి. మామూలు రూముల్లో బాత్రూమ్‌కి గడప ఉంటుంది, తలుపు ఇరుకు. వీల్‌చైర్ రూములు వేరుగా ఉంటాయి, గడప ఉండదు, గోడకి పట్టుకునే కమ్మీలు, స్నానానికి మడిచే సీటు, కాస్త ఎత్తు కమోడ్. ఇవి ఓడ మొత్తంలో కొన్నే, ముందే అయిపోతాయి. మాకు చివర్లో దొరికింది, ఏజెంటు పుణ్యాన కాదు, తమ్ముడి మెయిల్ వల్ల. మంచం మాత్రం అమ్మకి తక్కువ ఎత్తు అయింది, చెప్తే ఇంకో పరుపు తెచ్చి వేశారు. ఒక స్టార్ ఎందుకు తగ్గించానంటే, డెక్ మీదికి వెళ్ళే కొన్ని తలుపులు మరీ బరువు, బటన్ లేదు, కుర్చీ తోసుకుంటూ ఒక్కరే తెరవలేరు. ఇంకా బఫేలో రద్దీ టైములో కుర్చీ తిరగడానికి చోటే ఉండదు. అయితే ప్లేటు పట్టుకొచ్చి ఇవ్వమంటే కాదన్నవాళ్ళు లేరు, పప్పు, పెరుగన్నం దొరికాయి, అమ్మకి అంతకంటే ఏం కావాలి.

మొదటి రోజు సేఫ్టీ డ్రిల్ అందరూ చెయ్యాల్సిందే. అప్పుడే అడగండి, ప్రమాదం వస్తే లిఫ్టులు వాడరు, మరి మా మనిషిని మెట్ల మీదుగా ఎవరు దించుతారు అని. మేం అడిగాం. అలాంటివాళ్ళ పేర్లు, రూము నంబర్లు వాళ్ళ దగ్గర విడిగా రాసి ఉంటాయట, అమ్మ పేరు అందులో ఉందో లేదో మా ముందే చూసి చెప్పారు.

మందులు పెద్ద సూట్‌కేసులో పెట్టకండి, ఎక్కేటప్పుడు దాన్ని తీసుకుంటారు, రూముకి వచ్చేసరికి సాయంత్రం కావచ్చు. చీటీ, మందులు చేతి సంచిలోనే. కోడీన్ ఉన్న మందులు, కొన్ని నిద్రమాత్రలు సింగపూర్‌లోకి తీసుకెళ్ళాలంటే ముందస్తు అనుమతి కావాలి, డాక్టర్‌ని అడిగి చూసుకోండి. ఇన్సులిన్‌కి ఫ్రిజ్ కావాలంటే ఫారంలోనే రాయాలి. ఓడలో డాక్టర్, నర్సులు ఉంటారు కానీ ఆ బిల్లు మన ఖాతాలో పడుతుంది, ఇక్కడి ఆరోగ్య బీమాలు మామూలుగా అక్కడ పనిచేయవు. ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు పాత జబ్బు దాచకండి, దాచితే రేపు క్లెయిమ్ ఇవ్వరు. డయాలసిస్ అవసరమున్నవాళ్ళకి మామూలు ఓడల్లో ఆ ఏర్పాటు ఉండదు.

దిగే రోజు గురించి ఒక మాట. వీల్‌చైర్ సాయం కావాలన్నవాళ్ళని ఒక హాల్లో కూర్చోబెట్టి వరసగా తీసుకెళ్తారు, మనిషికి మనిషి కావాలి కాబట్టి ఆలస్యం అవుతుంది. ఏజెంటు మాకు పొద్దున విమానానికే వేశాడు, తమ్ముడు ముందే గొడవపడి రాత్రికి మార్పించాడు. మీరూ సాయంత్రం తర్వాత విమానమే అడగండి, బొంగులూరు దగ్గర రింగురోడ్డు దిగి సాగర్ రోడ్డు మీద ఊరికి చేరేసరికి తెల్లారినా పర్వాలేదు.