ఒక్కరే ఎగిరితే ఒక లెక్క, టికెట్ అమ్మితే ఇంకో లెక్క: విశాఖకు ఏ పద్ధతి మేలు?

మధ్యాహ్నం పూట సముద్రం మీంచి వచ్చే గాలి కైలాసగిరికి కొట్టుకుని పైకి లేస్తుంది. పారాచూట్ లాంటి రెక్క కింద వేలాడుతూ ఎగిరే పారాగ్లైడింగ్ చేసేవాళ్లకు కావలసింది సరిగ్గా అదే. ఇంజను లేకుండానే, ఆ పైకి లేచే గాలిని పట్టుకుని కొండ వెంట అటూ ఇటూ తిరుగుతూ చాలాసేపు తేలొచ్చు. ఇలాంటి కొండ ఉన్న ఊళ్లో ఎగరడానికి ఇన్ని ఆంక్షలా అని ఈ సరదా ఉన్నవాళ్లు వాపోతుంటారు. వెంటనే ఎవరో ఒకరు అందుకుంటారు: “అమెరికాలో లైసెన్సే అక్కర్లేదు తెలుసా?”

నిజమే, అక్కర్లేదు. కానీ చెప్పేవాళ్లు అక్కడితో ఆపేస్తారు. మిగతాది కూడా చూసి, అమెరికా పద్ధతి, మన పద్ధతి, బ్రిటన్‌లో క్లబ్బులు నడిపే పద్ధతి, ఈ మూడింటిలో విశాఖకు ఏది అతుకుతుందో తేల్చుకుందాం.

అమెరికాలో ఇలాంటి చిన్న ఎగిరే యంత్రాల కోసం 1982 నుంచి పార్ట్ 103 అనే నిబంధన ఉంది. ఒక్కటే సీటు. ఇంజను ఉన్నదైతే ఖాళీ బరువు 254 పౌండ్లకు, అంటే దాదాపు 115 కిలోలకు లోపు. ఇంధనం 5 గ్యాలన్లు, మన లెక్కలో 19 లీటర్లు. వేగం 55 నాట్లు, గంటకు 100 కిలోమీటర్ల పైచిలుకు. ఈ హద్దుల్లో ఉంటే పైలట్ లైసెన్సు, మెడికల్ సర్టిఫికెట్, రిజిస్ట్రేషన్ ఏవీ అడగరు. దీని వెనకున్న ఆలోచన నాకు నచ్చుతుంది. ఎవరి పిచ్చి వారికి ఆనందం, పడితే దెబ్బ కూడా వారికే. కింద ఉన్నవాళ్లకు పెద్ద నష్టం చేయలేనంత చిన్న యంత్రమైతే చాలు, నడిపేవాడి సంగతి వాడే చూసుకుంటాడు.

అయితే అదే నిబంధనలో ఇంకొన్ని షరతులున్నాయి. జనావాసాల మీద, జనం గుమిగూడిన చోట ఎగరకూడదు. పగలే ఎగరాలి. సరదాకు తప్ప వ్యాపారానికి వాడకూడదు. విమానాలకు దారి చూపే ఏటీసీ (ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్) అదుపులో ఉన్న ఆకాశంలోకి ముందస్తు అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు. ఇప్పుడు దీన్ని మన బీచ్ రోడ్డుకు వర్తింపజేసి చూడండి. సాయంత్రమైతే ఆర్కే బీచ్‌లో ఇసుక వేస్తే రాలనంత జనం. పైగా ఊళ్లో ఉన్న విమానాశ్రయం రన్‌వే నేవీ వారి స్థావరం ఐఎన్ఎస్ డేగాది. అక్కడి ఆకాశం నేవీ ఏటీసీ అదుపులో ఉంటుంది. అంటే అమెరికా చట్టాన్ని ఉన్నదున్నట్టు తెచ్చి ఇక్కడ పెట్టినా బీచ్ రోడ్డు మీద ఎగరడం నేరమే. ఆ స్వేచ్ఛ ఖాళీ పొలాల మీద ఉండే స్వేచ్ఛ.

ఇక మన పద్ధతి. 1934 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ చట్టం పోయి, 2025 జనవరి 1 నుంచి భారతీయ వాయుయాన్ అధినియమ్ అమల్లోకి వచ్చింది. చట్టం పేరు మారింది కానీ ముందు అనుమతి, తర్వాతే ఎగరడం అన్న ధోరణి మారలేదు. వీపుకు ఇంజను తగిలించుకుని ఎగిరే పారామోటార్‌కైనా పౌర విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ నిబంధనలతో పాటు భద్రతాపరమైన అనుమతులు చూసుకోవాలి. విశాఖలో దీన్ని అన్యాయం అనలేను. తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం, డాక్‌యార్డ్, పోర్టు, రిఫైనరీ, స్టీల్ ప్లాంట్ అన్నీ ఒకే ఊళ్లో ఉన్నాయి. పైన ఎగిరేది సరదాగా వచ్చినవాడా, ఫొటోలు తీసుకుపోవడానికి వచ్చినవాడా అన్నది కింద కాపలా ఉన్న సెంట్రీకి తెలియదు.

నా అభ్యంతరం వేరే ఉంది. ఈ పద్ధతి కాగితం దగ్గర గట్టిగా, మైదానంలో వదులుగా ఉంటుంది. సొంత ఖర్చుతో, సొంత రిస్కుతో ఎగరాలనుకునే వాడు ఫైలు పట్టుకుని తిరుగుతాడు. పర్యాటకుల దగ్గర డబ్బు తీసుకుని టాండెం పారాగ్లైడింగ్ (పైలట్‌తో పాటు ఇంకొకరు ఒకే గ్లైడర్ మీద ఎగరడం) నడిపే చోట్ల మాత్రం ప్రమాదం జరిగాకే అధికారులు మేలుకుంటారు. 2025 జనవరిలో గోవాలోని కేరి దగ్గర అలాంటి టాండెం ప్రయాణంలో పర్యాటకురాలు, పైలట్ ఇద్దరూ చనిపోయారు. నిర్వాహకుడి మీద కేసు ఆ తర్వాతే పడింది. టికెట్ కొన్నవాళ్లకు గాలి గురించి, పరికరాల గురించి ఏమీ తెలియదు. వాళ్లు రిస్కు ఎంచుకోలేదు, ఒక సరదా కొనుక్కున్నారంతే. రూల్సు గట్టిగా ఉండాల్సింది అక్కడ.

మనవాళ్లకు నిబంధనలు సడలించడం రాదని అనడానికి కూడా లేదు. డ్రోన్ల విషయంలో చేసి చూపించారు. 2021 మార్చిలో వచ్చిన రూల్సు చాదస్తంగా ఉన్నాయని గోల లేస్తే, ఆగస్టుకల్లా కొత్తవి తెచ్చారు. ఫారాలు 25 నుంచి 5కు తగ్గాయి. 250 గ్రాముల లోపు నానో డ్రోన్‌కు, వ్యాపారానికి కాకుండా వాడే 2 కిలోల లోపు మైక్రో డ్రోన్‌కు పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. గ్రీన్ జోన్‌లో, అంటే ముందస్తు అనుమతి అక్కర్లేని చోట, 400 అడుగుల వరకు ఎగరేయొచ్చు. విమానాశ్రయం ప్రహరీ నుంచి 8 కిలోమీటర్లు దాటి 12 లోపు ఉన్న పట్టీలో 200 అడుగులే. రెడ్ జోన్‌లో కేంద్రం అనుమతి లేనిదే కుదరదు. ఏది ఏ జోనో ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై మ్యాప్‌లో చూసుకోవచ్చు. ఎక్కడ కూడదో ముందే చెప్పి, మిగతా చోట్ల మనల్ని నమ్మే పద్ధతి ఇది. (విశాఖవాసులు మాత్రం తొందరపడకండి. 2021లోనే నేవీ తన స్థావరాల చుట్టూ 3 కిలోమీటర్ల లోపు డ్రోన్లు నిషేధమని ప్రకటించింది. ఊరు దాటేశాం కదా అని భీమిలి వైపు వెళ్తే ఆ దారిలో ఐఎన్ఎస్ కళింగ అనే నేవీ స్థావరం ఉంది.)

మనిషి ఎగిరే ఆటలకు ఇలాంటి మ్యాపు విశాఖలో ఎవరూ గీయలేదు. మూడో పద్ధతి పనికొచ్చేది ఇక్కడే. బ్రిటన్‌లో పారాగ్లైడింగ్‌కు ప్రభుత్వ లైసెన్సు లేదు. బీహెచ్‌పీఏ అనే సంఘం శిక్షణ ఇచ్చేవాళ్లను తయారుచేస్తుంది, పైలట్లకు స్థాయిలు ఇస్తుంది. ఏ కొండ మీద ఏ గాలికి ఎగరొచ్చో స్థానిక క్లబ్బులు చూసుకుంటాయి. మన దేశంలోనూ 2022 జూన్‌లో వచ్చిన జాతీయ ఎయిర్ స్పోర్ట్స్ విధానం 11 రకాల ఆటలను ఇదే దారిలో పెట్టాలంది. పైన ఒక జాతీయ సమాఖ్య, ఒక్కో ఆటకు ఒక్కో సంఘం, వాటి కింద క్లబ్బులు. హిమాచల్ ప్రదేశ్‌కు 2004 నుంచే సొంత ఏరో స్పోర్ట్స్ రూల్సున్నాయి. అక్కడ వానాకాలంలో జులై 15 నుంచి సెప్టెంబరు 15 వరకు పారాగ్లైడింగ్ ఆపేస్తారు. ఆకాశాన్ని చూసి రాసిన రూలు అంటే అలా ఉంటుంది.

క్లబ్బు పద్ధతిలో లోపం లేకపోలేదు. మనవాడే కదా అని సంతకం పెట్టేసే అలవాటు మనకు ఎక్కువ. శిక్షణ ఇవ్వగల అనుభవజ్ఞులు లేని ఊళ్లో క్లబ్బు పెడితే అది వాట్సాప్ గ్రూపుగానే మిగులుతుంది. అయినా విశాఖకు నా ఓటు దీనికే. కైలాసగిరి మీద ఏ వైపు గాలి మంచిదో, గాలి దిశ మారితే కొండ వెనక ఎక్కడ సుడులు తిరుగుతుందో, దిగడానికి ఇసుక ఎంత మేర ఉందో ఢిల్లీలో ఫైలు చూసే అధికారికి తెలియదు. వరసగా చాలా నెలలు గాలిని గమనించిన స్థానికులకే తెలుస్తుంది. నేవీ కూడా వందమంది విడివిడిగా పెట్టుకునే అర్జీల కంటే ఒక బాధ్యత గల క్లబ్బుతో మాట్లాడడానికే ఇష్టపడుతుందని నా నమ్మకం. ఫలానా చోట, ఫలానా వేళల్లో, ఇంత ఎత్తు దాటకుండా అని ఒప్పందం చేసుకోవచ్చు. ఆ చోటు ఊళ్లో కాకుండా భీమిలి అవతలే దొరకొచ్చు. భోగాపురం విమానాశ్రయం లెక్క కూడా కలిపితే ఆ జాగా ఇంకా ఇరుకే.

అయితే టాండెం వ్యాపారాన్ని క్లబ్బుకు వదిలేయకూడదు. అక్కడ మన పాత పద్ధతే ఉండాలి: పైలట్‌కు పరీక్ష, పరికరాలకు తనిఖీ, బీమా, తప్పు చేస్తే మూత. సముద్రం పక్కన ఇంకో షరతు కూడా ఉండాలి. 2025 జనవరిలో ఆర్కే బీచ్ దగ్గర నేవీ విన్యాసాల రిహార్సల్‌లో ఇద్దరి పారాచూట్లు ఒకదాంట్లో ఒకటి చిక్కుకుని వాళ్లు సముద్రంలో పడ్డారు. వెంటనే బయటికి తీశారు కాబట్టి బతికారు. శిక్షణ పొందిన వాళ్లకే ఆ పరిస్థితి వస్తే, తాళ్లలో చుట్టుకుని నీళ్లలో పడ్డ పర్యాటకుడి సంగతేమిటి? కింద రెస్క్యూ బోటు సిద్ధంగా లేకుండా తీరం వెంట టాండెం నడపకూడదని రాసి తీరాలి.

ఇవన్నీ వచ్చేదాకా ఆగలేని వాళ్లు మహారాష్ట్రలోని కామ్‌షెట్‌కో, హిమాచల్‌లోని బీర్‌కో వెళ్లి కోర్సు చేసి రండి. టాండెం ఎక్కేటప్పుడు, అది ఏ ఊళ్లోనైనా సరే, పైలట్ సర్టిఫికెట్, రిజర్వ్ పారాచూట్ చూపించమని అడగండి. గాలి ఎక్కువైతే డబ్బు వెనక్కి ఇస్తారా అని కూడా అడగండి. దానికి నసిగితే ఎక్కకండి.